ఏక్‌బాల్‌పూర్‌లో పొంగిన పాలు

పెద్దమ్మా, నమస్కారాలు. ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. ఒక్కదాన్నే ఎలా ఉంటానోనని దిగులు పెట్టుకోకు. కలకత్తా వచ్చి విక్టోరియా మెమోరియల్ ఇంకా చూడలేదు కానీ, ఇల్లు వెతుక్కుంటూ తిరిగి ఈ ఏక్‌బాల్‌పూర్ సందులన్నీ అప్పుడే తెలిసిపోయాయి. పోర్టులో మా ఆఫీసుకు నడిచే వెళ్లొచ్చు.

నిన్న ఇంట్లో చేరగానే, నువ్వు చెప్పినట్టే కొత్త గిన్నెలో పాలు పెట్టాను. అంచుదాకా వచ్చాయో లేదో, ఎదురింటి నస్రీన్ పరుగున వచ్చి, "అరే దీదీ, దూధ్ గిర్ జాయేగా!" అని, పాలు ఒలికిపోతాయని కంగారుపడుతూ స్టవ్ ఆపి గిన్నె దించేసింది. కింద వాటాలో ఉండే మన శ్రీకాకుళం సన్యాసమ్మగారు మెట్ల మీంచే కేకేసింది: "ఓలమ్మో, దించీసినావేటి! అవి పొంగాల! దించీసిన పాలు మళ్లీ ఎక్కించకూడదు." ఆ మాటే నేను హిందీలో చెప్పేసరికి నస్రీన్ నొచ్చుకుని, తన పిల్లలకని ఉంచిన పాలు తెచ్చి వేరే గిన్నెలో పోసి స్టవ్ వెలిగించింది. అవి పొంగి స్టవ్వంతా పారేదాకా ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు.

ఎవరైనా ఇటు వస్తుంటే గుమ్మడి వడియాలు పంపు. మోకాలికి నూనె రాస్తున్నావా? పెదనాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. ఇంతకీ ఎదురింటి పాలు పొంగితే మనింటికి చెల్లుతుందా? చెల్లదన్నా సరే, నేను మాత్రం మళ్లీ పొంగించను.

నీ కౌముది