చివరి పేజీ లేని సినిమా

శనివారం రాత్రి, ఆడమ్స్‌టౌన్

సాయంత్రం ముగ్గురం ఆ ఫ్రెంచ్ క్రైమ్ సినిమా చూశాం. పోయిన నెల నేను ఇంగ్లీషులో చదివిన నవలే. మొగుడు కారుతో ఒకణ్ణి గుద్దితే, నడిపింది నేనేనని పెళ్లాం పోలీసులకు చెబుతుంది.

రవి పకపకా నవ్వాడు. "ఇంత పిచ్చిది ఎవత్తయినా ఉంటుందా?"

పదిహేనేళ్ల మేఘన ఫోన్లోంచి తలెత్తకుండానే అంది: "అమ్మ డిడ్, నాన్నా. ఐ వాజ్ ఇన్ ద బ్యాక్."

రవి రిమోట్ తీసుకుని సౌండ్ పెంచాడు.

మార్చిలో రౌండబౌట్ దగ్గర సైకిల్ మీది ముసలాయన పడినప్పుడు స్టీరింగ్ రవి చేతిలోనే ఉంది. ఇండియా లైసెన్స్ ఇక్కడ ఏడాదే చెల్లుతుందని ఎన్నిసార్లు చెప్పానో. "అందరూ నడుపుతున్నార్లే" అనేవాడు. ఇక్కడి పోలీసులు, గార్డులు వచ్చేలోపు మాత్రం "నువ్విటు కూర్చో, నీకు ఇక్కడి లైసెన్స్ ఉందిగా" అన్నాడు. కూర్చున్నాను. నేనే గుద్దాననుకుని, విరిగిన మణికట్టు పట్టుకుని కూడా ఆ ముసలాయన నన్ను ఓదార్చాడు. "యూ ఆర్ గ్రాండ్, లవ్. డోంట్ బి క్రయింగ్."

సినిమాలో ఆమె చివరిదాకా నోరు విప్పలేదు. నవల అలా ముగియదు. ఆఖరి పేజీలో ఆమె స్టేషన్‌కు వెళ్లి నిజం చెప్పేస్తుంది.

"బుక్‌లో కూడా ఇంతేనా?" టీవీ కట్టేస్తూ అడిగాడు రవి.

"ఇంతే" అన్నాను.

ఆయన కోసం ఆడిన రెండో అబద్ధం. మొదటిదానికి ఏడ్చాను. దీనికి ఏడుపు కూడా రాలేదు.

ఇప్పుడు చూస్తే మంచం పక్కన పుస్తకం లేదు. మేఘన గదిలో లైటు వెలుగుతోంది.