ఆపరేషన్ గది ఇవతల

ప్రియమైన అక్కకి,

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. బావకి ఒంట్లో బాగుందా?

గర్భం తీసే ఆపరేషన్లలో నిలబడలేనని హెడ్ సిస్టర్‌కి రాసిచ్చానని చెప్పానుగా. ఇరవై ఏళ్ళుగా పురుళ్ళు పోస్తున్న చేతులు, నా వల్ల కాదు. డాక్టరమ్మ కాదనలేదు. కానీ అప్పటినుంచి భోజనాల గదిలో నా పక్క కుర్చీ ఖాళీ. నా వంతు కూడా తోటి సిస్టర్లే మోస్తున్నారు మరి.

మంగళవారం ఆ ఆపరేషనయి వార్డులో పడుకున్నావిడ మంచినీళ్ళడిగింది. వేరే సిస్టర్ వస్తుందని చెప్పి, బట్టల గదిలోకి పోయి దుప్పట్లు మడతపెట్టాను. మడతపెట్టినవే మళ్ళీ పెట్టాను. నువ్వైనా నా పక్షమని ఒక్క ముక్క రాయి.

నీ పిట్ట

పిట్టా,

బావ బాగానే ఉన్నారు. కుట్టుపని పేరుకుపోయి రాయలేదు.

ఆవిడకి నీళ్ళు ఎవరిచ్చారు?

అక్క

అక్కా,

ఇంత బాధ రాస్తే నువ్వడిగింది ఇదొక్కటేనా? ఎవరిచ్చారో నాకు తెలియదు. రెండో సిస్టర్ కింది అంతస్తులో ఇరుక్కుపోయిందని తర్వాత తెలిసింది. నేను బయటికొచ్చేసరికి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

ఈమధ్య గదికొచ్చి ఏదైనా పైకి అనుకుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంటోంది. పొద్దుటినుంచి వాడలేదు కదా.

నీ పిట్ట

నా పిట్టమ్మకి,

కుట్టుపని అబద్ధం. నీ ఉత్తరాలు చదివాక కలం కదల్లేదు.

నువ్వు నర్సింగ్ సర్టిఫికెట్ అందుకున్న రోజు నేను రాలేదు. జ్వరమన్నాను. నువ్వు నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఆ రోజు నేను వేరే ఊరి ఆసుపత్రిలో, మీ వార్డులో ఆవిడలాగే పడుకుని ఉన్నాను. రెండో కాన్పులో చచ్చి బతికానని నీకు తెలుసు. మూడోది మోసే ధైర్యం లేకపోయింది.

అక్కడి నర్సు చెడ్డది కాదు. "నన్నేమీ అడక్కమ్మా" అని మెల్లగానే చెప్పి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ నీకు చెప్పకపోవడానికి కారణం అదే. నువ్వూ ఆ మాటే అంటావేమోనని.

నిన్ను మారమనను. నీ మనసు నీది.

నీ అక్క

అక్కా,

ఆపరేషన్ గదిలోకి ఇప్పటికీ వెళ్ళలేను. నీ దగ్గర దాచను. కానీ అయిపోయాక ఆ ఆడవాళ్ళని నాకు అప్పగించమని హెడ్ సిస్టర్‌ని అడిగాను. ఆవిడ "మొహం మాడ్చుకుని తిరగవుగా?" అంది. తిరగనన్నాను. నిన్న ఒకావిడ పక్కన గంటసేపు కూర్చున్నాను.

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. అక్కా, ఆ రోజు నిన్ను ఇంటికి ఎవరు తీసుకొచ్చారు?

నీ పిట్ట