తాడు పట్టేటోడు

సున్నిపెంట, 14-3-75

నాయనకు లూదియా వందనాలు. ఈడ నర్సు పనిలో బాగా కుదురుకున్యా, అడివని దిగులు పడొద్దు.

తిరునాళ్లు వస్తాండాయని నిన్న చెంచుగూడెంలో కలరా సూదులు వేసేకి పోయినాం. మద్దయ్య అని ఒకాయన "నా ఒళ్లు నా ఇష్టం, పొండి" అన్యాడు. మా హెల్తు ఇనస్పెక్టరేమో పట్టుకొని పొడవమన్యాడు. నాకు మనసొప్పలేదు. ఈళ్లు కొండచరియలో తాడు మీద యాలాడి తేనె తీస్తారు. పైన ఆ తాడు పట్టేది బామ్మర్దే. అక్క కోసరమన్నా వదలడని వాని మీదే నమ్మకం. అందుకే మద్దయ్య బామ్మర్ది చిన్నయ్యను పిలిపిచ్చినా. వాడు ముందు తాను పొడిపిచ్చుకొని, "రా బావా, నేను పట్టుకుంటా" అన్యాడు. మద్దయ్య చెయ్యి చాపినాడు. పోయేటప్పుడు నాకు తేనె గూడా ఇచ్చినాడు.

ఆ తేనె అమ్మ దగ్గుకు పంపుతా. ఎర్రావు ఈనిందా? నా గొడుగు ఎవరితోనన్నా పంపు.

ఆళ్లగడ్డలో సూదులేస్తాంటే, ప్రార్థన చాలు, నాకొద్దన్యావంట. అమ్మ రాసింది. నీ ఒళ్లు నీ ఇష్టమే నాయనా, నేను బలవంతం చేయను. ఇంట్లో అందరికీ వందనాలు చెప్పు.

సంజీవయ్య మామకు గూడా ఒక కార్డు రాసినా. ఆదివారం ఆరాధన కాంగానే నీ బామ్మర్ది నీ చెయ్యి పట్టుకునేకి వస్తాడు.

నీ బిడ్డ
లూదియా