ఇంజన్ ఆగిన ఆ కాసేపు

అన్నా,

నీ సంవత్సరీకం పోయిన వారం అయిపోయింది. ఇక కొత్త బండి కొనొచ్చు కదా అని ఈ ఉదయం పెద్ద హైబ్రిడ్ కారొకటి నడిపి చూశాను. నా పక్కన షోరూమ్ అతను, వెనక సీట్లో వదిన.

నువ్వు రైలు గేటు దగ్గర కూడా ఇంజన్ ఆపేసే మనిషివి. నాకేమో పికప్ కావాలి. కోవూరు దాటాక వడ్ల లారీని ఒక్క తొక్కుకి దాటేసింది. "ఇట్టా పోతే పెట్రోలు తాగేయదా?" అని నీ బదులు నేనే అడిగాను.

"నిదానంగా పోయేటప్పుడు ఇంజన్ ఆగి, బ్యాటరీ మీద నడస్తాది సార్. మైలేజీ అంతా అక్కడే" అన్నాడతను.

అల్లూరు దగ్గర మన రొయ్యల గుంటల గట్టెక్కి నెమ్మదించగానే చప్పుడు ఆగిపోయింది. తెలిసి కూడా నా కాలు బ్రేకు మీద పడింది. అద్దంలో చూస్తే వదిన దిగి పరిగెత్తబోతున్నట్టు తలుపు పట్టుకుని ఉంది. గుంటల దగ్గర చప్పుడు ఆగిందంటే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగినట్టే. ఆ రోజు నువ్వూ అందుకే వానలో పరిగెత్తావు. తడిచేత్తోనే స్విచ్ బోర్డు ముట్టుకున్నావు.

మెల్లగా యాక్సిలరేటర్ తొక్కాను. బండి కదిలింది. కొంత దూరం పోయాక ఇంజన్ దానంతటదే అందుకుంది.

నేను మళ్లీ మైలేజీ గురించి అడగబోతుంటే వదిన అడ్డుపడింది.

"ఇదే తీసుకో అబ్బయ్యా. ఆగినా మళ్లా మొదలవతా ఉండాది గదా."