సున్నం మీద తడి గోనెలు

మార్చి 3, 2025. సోమవారం

రంగనాథ్ ఫోటో పేపర్లో పడింది. మెడలో శాలువా, వెనక నాలుగు పెద్ద ఫ్యాన్లు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ప్లాంటుకు వాడు సలహాదారు అట. కల్లూరు దాటాక రాళ్ల నేలలో షెడ్డు వేశారు. ఇప్పుడు అక్కడ కొత్త ప్రయోగం: ఫ్యాన్లు ఆపేసి, ట్రేలలో సున్నం పరిచి, గాలి దానంతటది వచ్చి తాకేట్టు చేయడం. కరెంటు ఖర్చు తగ్గుతుంది. ‘ఇది నా చిరకాలపు ఆలోచన’ అన్నాడట.

1991లో కాలేజీ ల్యాబులో ఆ ఆలోచన నాది. నేను సీనియర్ లెక్చరర్ని, వాడు జూనియర్. ఇద్దరం కలిసి రాసిన వ్యాసం అచ్చయ్యేసరికి దాని మీద ఒక్క పేరే మిగిలింది. దేవేంద్రప్ప అన్న పేరు కాదు.

ఆ పేజీని పప్పు డబ్బా కింద పరిచాను.

మార్చి 6

జీవిత వచ్చింది. నా పాత స్టూడెంట్ యేసుప్రసాద్ కూతురు. ఆ షెడ్డులో ఇంజినీర్.

తెలివైన పిల్ల. గాలిలో పదివేల పాళ్లకు నాలుగు పాళ్లే ఆ వాయువు ఉంటుంది, అంత పలచటిదాన్ని పట్టాలంటే కొండంత గాలిని లాగాలి. టన్ను వాయువుకు ఫ్యాన్లే అయిదు వందల యూనిట్లు తింటున్నాయట. ఆ తర్వాత సున్నం నుంచి వాయువును విడిపించడానికి తొమ్మిది వందల డిగ్రీల వేడి. ఆ వేడి తప్పదు సార్, ఫ్యాన్లు మాత్రం తప్పించవచ్చు అంది. ఒక విడత సున్నానికి పది రోజులు. నెలాఖరు లోపల ఏదో ఒక విడతలో సున్నం యాభై శాతమైనా వాయువును పట్టి మళ్లీ సున్నపురాయిగా మారాలి. మారకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, తను ఇంటికి పోతుంది.

‘రంగనాథ్ సార్ ఐడియా’ అని రెండుసార్లు అంది. మజ్జిగ ఇచ్చాను.

సున్నం ఎంత వాయువు పట్టిందో త్రాసు లేకుండా చూసే ఉపాయం ఒకటి చెప్పాను. కొత్త సున్నం మీద నిమ్మరసం పిండితే పొంగదు. వాయువు పట్టిన సున్నం బుసబుస పొంగుతుంది. అలవాటైన కంటికి అది ఎన్ని రోజుల సున్నమో కూడా తెలుస్తుంది. నోట్‌బుక్‌లో రాసుకుంది. అడిగినదానికంటే ఎక్కువ చెప్పాను.

మార్చి 10

రోమన్ చరిత్ర రెండో సంపుటం, మూడోసారి. ద్రోహులకు అక్కడా సన్మానాలే.

మార్చి 13

మొదటి విడత: పద్దెనిమిది శాతం. జీవిత ఫోన్ చేసింది. మన ఎండకు సున్నం పొడిబారితే వాయువును పట్టదు, సాయంత్రం కొద్దిగా నీళ్లు చల్లించు, అసలు పని రాత్రి చల్లదనంలోనే జరుగుతుంది అన్నాను. చల్లిస్తూనే ఉన్నాం సార్, కూలికొచ్చే ఈరక్క రోజూ చల్లుతుంది అంది.

మార్చి 15. శనివారం

ఉగాది వస్తోందని ఈరక్క మా గోడలకు సున్నం కొట్టడానికి వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఈ పేటకు సున్నం ఆమే కొడుతుంది. ఇప్పుడు వారమంతా షెడ్డులో పని. శని, ఆదివారాలు మాత్రం సెలవు పెట్టి ఇట్లాంటివి చూసుకుంటుంది.

షెడ్డులో ఎట్లుంది అని అడిగాను. బ్రష్ ఆపకుండానే చెప్పింది. ‘ఏం షెడ్డో సారూ. బంగారట్లాంటి సున్నం తెచ్చి గాలికి పరుస్తాండారు. గాలి తగిల్తే సున్నం సచ్చిపోదా? ఆ పాప మంచిదే, సదువుకునింది గదా, పాపం ఏం తెలుస్తాది. నేనే చూడలేక సాయంత్రం నీళ్లు జల్లి, తడి గోనెలు కప్పి వస్తాండా. పొద్దున్నే వాళ్లు రాకముందే పొయ్యి తీసి మడిచి పెడ్తాండా. ఈ పొద్దు మా కోడలు పోయి కప్పుతాది.’

ఎవరైనా చెప్పారా అలా చేయమని అన్నాను. ‘ఒగరు చెప్పల్లనా? నా చేతికింద సున్నం సావనిస్తానా?’ అంది.

నవ్వాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎన్నేళ్లయిందో అట్లా నవ్వి. సున్నాన్ని చంపడానికే, అంటే మళ్లీ రాయిని చేయడానికే, కట్టిన షెడ్డు అది. ఈవిడ దాన్ని బతికిస్తోంది, సరిగ్గా పని జరిగే రాత్రివేళల్లోనే.

మార్చి 16

జీవితకు చెప్పలేదు.

చెప్తే ప్రయోగం గెలుస్తుంది. గెలిస్తే రంగనాథ్ మెడకు ఇంకో శాలువా. చెప్పకపోవడం అబద్ధమాడటం కాదు. ముప్పై నాలుగేళ్ల కింద వాడు కూడా ఏ అబద్ధమూ ఆడలేదు. ఒక పేరు రాయలేదు, అంతే.

మార్చి 19

జీవిత మళ్లీ ఫోన్. సున్నంలోనే దోషమేమో అని బేతంచెర్ల నుంచి వేరే సున్నం తెప్పించిందట. ట్రేలు మార్చిందట. త్రాసును రిపేరుకు పంపి తెప్పించిందట. ఇంకేం చూడాలి సార్ అని అడిగింది. ఓపిక పట్టమన్నాను.

రాత్రి భోజనం చేయలేదు. ఆకలి లేకే.

మార్చి 22

షేర్ ఆటోలో యేసుప్రసాద్ పక్కన పడ్డాను. తల నెరిసింది. ఇంకా లేచి నిలబడబోయాడు, ఆటోలో. ‘మా పిల్ల అన్నం సరిగా తినడంలే సార్. మీ మాటంటే దానికి శానా గురి. దేవేంద్రప్ప సార్ చూస్తాండాడులే నాయనా అంటాది. చర్చిలో కూడా దాని కోసం ప్రేయర్ పెట్టించినా’ అన్నాడు.

నా స్టాపుకు ముందే దిగి నడిచాను. ఎండ.

మార్చి 24. సాయంత్రం 6

షెడ్డుకు పోయాను. జీవిత ఇంటికి బయల్దేరుతోంది. పది నిమిషాలు ఆగమన్నాను. ఇద్దరం గేటు పక్కన నిలబడ్డాం. ఈరక్క నీళ్లు చల్లింది. మూలనుంచి గోనెలు తెచ్చింది. తడిపింది. పిల్లకు దుప్పటి కప్పినట్టు ఒక్కో ట్రేకూ కప్పింది.

జీవిత అరవలేదు. పోయి ఆమె చేయి పట్టుకుంది. ఈ సున్నం చావాలి ఈరక్కా, చస్తేనే మనకు పని అని చెప్పింది. ఈరక్క నమ్మడానికి శానాసేపు పట్టింది. ‘అట్లయితే ముందే చెప్పొచ్చు గదమ్మా, ఇన్నాళ్లు నా నడుం ఇరిగిపాయ’ అంది.

మీకెట్లా తెలిసింది సార్ అని జీవిత అడిగింది. నిన్న మా గోడకు సున్నం కొడుతూ ఈరక్క చెప్పింది అన్నాను. ఒక్క మాటే. అంత సులభంగా వచ్చింది.

మార్చి 25

ఉదయాన్నే జీవిత వచ్చింది. తెల్లవారకముందే ట్రేలన్నిట్లో కొత్త సున్నం పరిపించి వచ్చిందట. కృతజ్ఞతలు చెప్పింది. కూర్చోలేదు. గోడ వైపు చూసింది. ఇదేనా సార్, మొన్న కొట్టింది అని అడిగింది. అవునన్నాను.

గోటితో ఒక పెచ్చు గీకింది. వంటింట్లోకి పోయి గాజు గ్లాసు, నిమ్మకాయ తెచ్చుకుంది. పిండింది. గ్లాసు నిండా నురగ. అది తగ్గేదాకా ఇద్దరం చూశాం.

‘రెండు రోజులది ఇట్ల పొంగదు సార్. ఇది తొమ్మిది పది రోజుల సున్నం’ అంది. కోపం లేదు. రీడింగ్ చెప్పినట్టు చెప్పింది.

గ్లాసు కడిగి, బోర్లించి పోయింది.

మార్చి 28

ఎవరూ రాలేదు.

మార్చి 31

ఈరక్క చెప్పింది. ఏడు రోజులకు నలభై నాలుగు. కావలసింది యాభై. రేపు ఫ్యాన్ల మనుషులు వస్తారట. జీవిత తన పుస్తకాలు సర్దుకుంటోందట.

ఇంకో మూడు రోజులుంటే దాటేది. ఆ రోజులు నా దగ్గర ఉన్నాయి. మూడు కాదు, తొమ్మిది.

ఏప్రిల్ 1. ఉదయం 7

రంగనాథ్‌కు ఫోన్ చేశాను. ముప్పై నాలుగేళ్ల తర్వాత. ‘ఎవురు? దేవేంద్రన్నా?’ అన్నాడు. గొంతు ముసలిదైంది.

అంతా చెప్పాను. గోనెలు, తేదీలు, నిమ్మకాయ. విని అన్నాడు: ‘మూడు రోజులు ఇప్పిస్తానన్నా. పైవాళ్లకు కారణం చూపించల్ల గదా. ఇప్పుడు నాతో చెప్పిందంతా కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపించు.’

అందులో ఎగతాళి ఉందేమో అని వెతికాను. ఉన్నట్టే ఉంది. లేకపోయినా ఆ కాగితం కావలసిందే.

నాలుగు వాక్యాలు రాశాను. మార్చి 15న తెలిసింది. 24 దాకా దాచాను. ఇంజినీరు తప్పు లేదు. పనిమనిషి తప్పు లేదు. కింద పూర్తి పేరు, డిగ్రీలతో సహా. అలవాటు. ఈరక్క చేతికిచ్చి షెడ్డుకు పంపాను.

ఆ ప్రయోగం ఫైలులో నా పేరున్న కాగితం ఇదొక్కటే.

ఏప్రిల్ 4

ఈరక్క ఒక కట్ట దించి పోయింది. ముప్పై గోనెలు, ఉతికి, ఆరబెట్టి, మడిచి. నీకిమ్మనింది ఆ పాప, ఇంకేం చెప్పలేదు సారూ అంది. పై గోనె మీద బొగ్గుతో రాసి ఉంది: యాభై మూడు.