కార్డు చేతిలో పెట్టుకుని

చెల్లాయికి అక్క దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వు క్షేమంగా లేవని తెలిసే రాస్తున్నాను. మీ బావ ఈ ఉత్తరంతోపాటు ముద్ర వేసిన కవరు ఒకటి తెస్తున్నారు. ముందు అది మీ డాక్టరు చేతికి చేరాలి. చేరిందని మరిది చెప్పాకే ఇది చదువు.

మరిది వింటే కంగారు పడతాడని ఫోన్లో చెప్పకుండా నువ్వు రాసిన ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు. కుట్టుమిషను బాగానే ఉంది, బెల్టు మార్చాం. స్కూలు యూనిఫారాలు ఇంకా నలభై జతలు కుట్టాలి. మీ బావ ఊరందరి ఇళ్లలో కరెంటు పనులు చేస్తారు, మన వంటింటి స్విచ్చు మాత్రం ఇంకా షాక్ కొడుతూనే ఉంది. నా కాళ్ల వాపు ఎలా ఉందన్నావు. తగ్గి రెండేళ్లు దాటింది. ఎలా తగ్గిందో నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు.

నీ ఉత్తరంలోని ఈ ముక్క రాత్రంతా నా చెవుల్లో మోగుతూనే ఉంది: "అక్కా, గాల్‌బ్లాడర్‌లో రాళ్లట, ఆపరేషన్ అన్నారు. తీరా కంప్యూటర్లో నా ఫైలు తెరిచి, నీకు బీపీ ఉంది, కిడ్నీలు దెబ్బతిన్నాయి, రెండున్నరేళ్లుగా మాత్రలు తీసుకుంటున్నావు, ఎందుకు దాచావని నిలదీశారు. మొత్తుకున్నా వినరు. రక్తపరీక్ష చూస్తే బాగుందట, ఫైలు చూస్తే బాగా లేదట. కిడ్నీల డాక్టరు వచ్చి తేల్చేదాకా ఆపరేషన్ చేయరట. ఆయన వచ్చేది మూడు వారాలకి. నొప్పి ఆగట్లేదు. రెండు రోజుల నుంచి జ్వరం కూడా. నేనే మింగి మర్చిపోయానా? నాకు మతిగానీ పోతోందా అక్కా?"

నీకు మతి పోలేదు తల్లీ. ఆ మాత్రలు మింగింది నేను.

బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేరినప్పుడు నీకు బీమా కార్డు ఇచ్చారు. నిన్ను ఆ ఊరి ఫ్యాక్టరీకి మార్చాక అక్కడ అదే నంబరుతో కొత్తది ఇచ్చారని, పాతది మా బీరువాలో వదిలేశావు. ఆ ఫోటోలో నువ్వు నీకంటే నాలాగే ఎక్కువ ఉన్నావని నవ్వుకునేవాళ్లం. నాకప్పటికే ఏళ్ల తరబడి తలనొప్పి. తలకి గుడ్డ బిగించి కుట్టుకునేదాన్ని. అమ్మ కూడా అలాగే బిగించుకునేది. బట్టలు ఆరేస్తూ ఒరిగిపోయింది. ఆమెకి బీపీ ఉండేదని మనకి తెలిసింది ఆమె పోయాకే. ఒకరోజు పొద్దున సూదిలో దారం ఎక్కించబోతే ఎడమకంటికి సూది కనిపించలేదు. పొగ కమ్మినట్టయింది. బీరువా తీశాను.

బీమా ఆసుపత్రిలో నీ పేరు పిలిచారు. మూడోసారికి గానీ అది నేనేనని గుర్తు రాలేదు. డాక్టరమ్మ రెండుసార్లు చేతికి పట్టీ బిగించి బీపీ చూసి, రక్తం తీయించింది. మర్నాడు రక్తపరీక్ష కాగితం చూసి నా మీద మండిపడింది.

"ఈ కార్డు వచ్చి అయిదేళ్లయింది. ఏటా ఉచితంగా పరీక్షలుంటాయి. ఒక్కసారీ రాలేదు. అప్పుడే వచ్చుంటే చిన్న మాత్రతో పోయేది. ఇప్పుడు కిడ్నీలు సగం దెబ్బతిన్నాయి. కార్డు చేతిలో పెట్టుకుని ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా?"

ఏం చెప్పను? నీకు కార్డుంది, జబ్బు లేదు. నాకు జబ్బుంది, కార్డు లేదు. మీ బావ పని ఏ కంపెనీ కిందికీ రాదు, నాది అంతకన్నా రాదు. తల వంచుకుని, "బుద్ధి లేకండీ" అన్నాను.

ఒక్కసారికే అనుకున్నాను. నెల తిరిగేసరికి తలకి కట్టిన గుడ్డ విప్పాను. మూడో నెలకి కాళ్ల వాపు తీసింది. చూపు చాలావరకు తిరిగొచ్చింది. రక్తపరీక్ష చూసినప్పుడల్లా "కిడ్నీలు అక్కడే ఆగాయి, ఇంకా దిగజారడం లేదు" అనేది డాక్టరమ్మ. ఆ మాట రుచి మరిగాక మానడం నా వల్ల కాలేదు. నీకు చెబితే తప్పులో నువ్వూ భాగమవుతావు, అందుకే చెప్పడం లేదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అది కాదు. నువ్వు వద్దంటావేమోనని భయం.

మాత్రలు ఏదో ఉచిత శిబిరంలో ఇస్తున్నారని మీ బావకి కూడా అబద్ధమే చెప్పాను. ఈ పొద్దున నిజం చెప్పాను. చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టారు. తర్వాత చొక్కా తొడుక్కుని, "బస్సు ఎన్నింటికి?" అన్నారు. అంతే.

ఆసుపత్రి తలుపులు తీసేసరికి, జరిగిందంతా ఒప్పుకుంటూ రాసిన కాగితంతో రికార్డుల గుమాస్తా ముందు నిలబడ్డాను. ఆయన కళ్లజోడు తీసి చూశాడు.

"ఇలా రాసిస్తే ఏమవుతుందో తెలుసా? ఈ పూట నుంచే మాత్రలు బంద్. కేసు కూడా పెట్టొచ్చు."

"పెట్టండి. ఆ రోగం మా చెల్లిది కాదని ముందు ముద్ర వేయండి."

"ఎల్లుండి రండి, పై ఆఫీసరు వస్తారు."

"దానికి జ్వరమండీ. ఎల్లుండిదాకా ఆగమంటే అది ఆగుతుందా?"

జ్వరం మాట వినగానే ఆయన డాక్టరమ్మని కిందికి పిలిపించాడు. ఆవిడ నా కాగితం చదివింది. ఈసారి తిట్టలేదు, అదే ఎక్కువ బాధేసింది. రెండున్నరేళ్ల పరీక్షలూ మందులూ వేరే మనిషివని తన చేత్తో రాసి, ముద్ర వేయించింది. "మీ చెల్లి డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేస్తాను. కానీ నోటిమాట మీద కత్తి పట్టరు, ఇది ఇవాళే చేరాలి" అంది. నా దగ్గర ఎన్ని మాత్రలున్నాయో అడిగింది. పదకొండు రోజులకి వస్తాయన్నాను. "అయిపోకముందే పెద్దాసుపత్రి క్యూలో నిలబడు. ఒక్కరోజు కూడా మానకు" అని చీటీ రాయబోయి, పేరు అడిగింది. నా పేరు చెప్పాను.

ఇక అసలు మాట. ఫ్యాక్టరీవాళ్లు నిన్ను పిలుస్తారు. కార్డు నువ్వే ఇచ్చావా అని అడుగుతారు. నన్ను కాపాడబోయి అవునన్నావో, నీ ఉద్యోగం పోతుంది, కార్డూ పోతుంది. రేపు నీకు ఏం వచ్చినా నాలాగే చూపు పోయేదాకా ఓర్చుకుంటావు. నీ సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు నేను పగలగొట్టిన అద్దానికి దెబ్బలు నువ్వు తిన్నావు. ఈసారి ఆ పని చేయకు. మా అక్క నాకు తెలియకుండా దొంగతనంగా వాడుకుందని చెప్పు. అది నిజమే కాబట్టి గొంతు వణకకుండా చెప్పు.

మీ బావ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆపరేషన్ అయిందని ఆయన ఫోన్ చేసేదాకా నా కాలు మిషను మీద ఆడదు. తిట్లన్నీ దాచిపెట్టు. నీ కుట్లు విప్పాక వచ్చి, కూర్చుని తింటాను.

ఇట్లు,
రెండున్నరేళ్లు నీ పేరుతో బతికిన
నీ అక్క