జ్ఞానాంబ కాలింగ్

జూన్ 4
నాయన చెయ్యి చేసుకున్నాడని అలిగి తమ్ముడు రూపేష్ ఇల్లు వదిలిపోయి రెండు నెలలు. ఫోన్ స్విచాఫ్. నాయన వాడి పేరెత్తనివ్వడు. నాకు ముద్ద దిగడం లేదు.

జూన్ 9
మా ఆయన ప్రతాప్ ఫోన్‌కి కొత్త నంబర్. కాలర్ యాప్‌లో జ్ఞానాంబ అని పడింది. ఎవరంటే స్పామ్ అని కట్ చేశాడు. మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో చేసేవాడికి లోన్లిచ్చేవోళ్లు కాక ఇంకెవురు ఫోన్ చేస్తారే అని నవ్వాడు.

జూన్ 12
మళ్లీ జ్ఞానాంబ. స్పామ్ వాళ్లకి ఇంత పద్ధతైన పేరుంటుందా? ఏమీ అర్థం కావడం లేదు. తమ్ముడి దిగులు చాలదన్నట్టు ఇదొకటి నా ప్రాణానికి.

జూన్ 13
నేనే ఎత్తి హలో అన్నాను. అవతల ఊపిరి మాత్రం వినబడింది. పెట్టేశారు.

జూన్ 15, ఉదయం
ప్రమాణం చేయమన్నాను. ఆయనకు రోషమొచ్చింది. నడువు కాణిపాకానికి, సామి ముందర అబద్ధం చెప్పే దమ్ము నాకుండాదా అన్నాడు.

సాయంత్రం
తలస్నానం చేసి, తడిబట్టలతో నిలబడి, జ్ఞానాంబ ఎవరో తెలీదని ప్రమాణం చేశాడు. బయటికొచ్చాక ఆ నంబర్ నా చేతనే బ్లాక్ చేయించాడు. స్పామ్ అని రిపోర్ట్ కూడా కొట్టాను. చిత్తూరు బస్సులో ఆయన భుజం మీద నిద్రపోయాను.

జూన్ 17
ఫోన్ మోగలేదు. హాయి.

జూన్ 24
ఆయన స్నానానికి వెళ్తే వేరే నంబర్ మోగింది. ఎత్తాను. పులికాట్ నుంచి జ్ఞానాంబనమ్మా అంది. కొడుకు ఫోన్ నుంచి చేస్తోందట. నోటికొచ్చినట్టు తిట్టబోయాను. మా రూపేష్ పేరు చెప్పింది.

వాడు వాళ్లింట్లోనే ఉండి రొయ్యల పడవ మీద పనికి పోయేవాడట. ఆమె ఫోన్ నుంచే బావకు చేసి చూసేవాడట. నా గొంతు వింటే ఏడుపొస్తుందని నాకు చేయలేదట. పదమూడో తేదీ విన్న ఊపిరి వాడిదే. తర్వాత ఎంత చేసినా కాల్ పోకపోయేసరికి, అక్కోళ్లు గూడా నన్ను బ్లాక్ చేసినారు అన్నాడట. ఆ పూట అన్నం తినలేదట. నిన్న సంచి తీసుకుని వెళ్లిపోయాడు. మీ దగ్గరికి వచ్చాడా అని ఆమె నన్ను అడుగుతోంది.

ఆయన చేసింది దొంగ ప్రమాణం కాదు. నేను చేసింది ఏమిటో తెలియడం లేదు. నా తమ్ముడు ఎక్కడున్నాడు?

జూలై 2
ఆయన ఫోన్‌లో ఆ కాలర్ యాప్ తీసేశాను. ఏ నంబర్ వచ్చినా ఎత్తుతున్నాను. ఇవాళ ఒక కుర్రాడు, క్రెడిట్ కార్డ్ కావాలా మేడమ్ అన్నాడు. అన్నం తిన్నావా అని అడిగాను. కట్ చేశాడు.